ఎవరింట్లో ఏ పండు: మా సైదాబాద్ వాటాల ముచ్చట

మేం హైదరాబాద్ సైదాబాద్‌లో అద్దెకున్న ఇంటి ఆవరణలో ఆరేడు వాటాలుండేవి. అందరికీ కలిపి గేటు పక్కన ఒకటే చెత్తకుండీ. దాంట్లో పడ్డ తొక్కలు చూస్తే చాలు, ఎవరు ఏ ఊరి వాళ్ళో, ఆ నెల ఎవరి చేతిలో డబ్బులు ఆడుతున్నాయో చెప్పేయొచ్చు. అతిశయంగా చెప్తున్నాననుకోకండి. అరటి తొక్కలు గుట్టగా పడ్డాయంటే కోనసీమ ఆంటీ వాళ్ళ అన్నయ్య వచ్చి వెళ్ళినట్టు, బత్తాయి తొక్కలైతే అనంతపురం వాళ్ళకి ఊరినుంచి మూట దిగినట్టు, నల్లగా మెరిసే సీతాఫలం గింజలైతే అది మేమే. యాపిల్ తొక్క మాత్రం ఎప్పుడూ కనబడేది కాదు. యాపిల్ కొన్నాక తొక్క తీసి పారేసే ధైర్యం ఆ ఆవరణలో ఎవరికీ లేదు.

ఎనభైల చివర, తొంభైల మొదట్లో సంగతి ఇది. నాయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. అమ్మది షాద్‌నగర్ దాటాక బాలానగర్ దగ్గర పల్లె. మా ఇంట్లో బియ్యం, పప్పు, నూనె, పాలు అన్నీ నెల లెక్కలోకి వచ్చేవి గానీ పండ్లకి అంటూ ఒక గీత ఉండేది కాదు. డబ్బులు పెట్టి కొనేది దేవుడికి, జ్వరానికి, చుట్టాలింటికి పోయేటప్పుడు. శ్రావణమాసంలో అరటిపండ్లు, శివరాత్రికి ఖర్బూజా, ఎవరికైనా టైఫాయిడ్ వస్తే బత్తాయిలు, యాపిల్. చుట్టాలింటికి అరడజను సంత్రాలు కాగితం సంచిలో పట్టుకుపోవడం మర్యాద. వాళ్ళు మళ్ళీ మనింటికొచ్చేటప్పుడు అవే సంత్రాలు తెచ్చేవారు, కాబట్టి మొత్తం మీద చూస్తే ఎవరికీ నష్టం లేదు.

జ్వరం యాపిల్ గురించి కాస్త చెప్పాలి. ఎవరికి జ్వరమొచ్చినా తెచ్చేది రెండు యాపిల్స్, కోసేది ఒకటి. అమ్మ పీట మీద కూర్చుని చిన్న చాకుతో ముందు నాలుగు చెక్కలు చేసేది, ఒక్కో చెక్కని రెండుగా, గింజలున్న చోట గోరు మందాన తీసేసి, మొత్తం ఎనిమిది ముక్కలు స్టీలు ప్లేటులో పెట్టేది. జ్వరమున్నవాళ్ళకి నాలుగు, మిగతా పిల్లలకి తలా ఒకటి, ఒకటి నాయనకి. మరి అమ్మకో అని అడిగితే, త్యాగమేమీ లేదు, ఆమెకి యాపిల్ అసలు పడదు. "సప్పగుంటది, రంపపు పొట్టు నమిలినట్టు. పైసలెక్కువని తియ్యగ అయితదా" అనేది. ఆ మాట ఇప్పటికీ అంటుంది. నేను మాత్రం అప్పట్లో, కాస్త జ్వరం వచ్చినా బాగుండునని స్కూల్ నుంచి వస్తూ వస్తూ నుదురు పట్టుకుని చూసుకున్న రోజులున్నాయి.

కోనసీమ ఆంటీ వాళ్ళది వేరే లోకం. అంకుల్ జీతం నాయన జీతం కంటే పెద్ద ఎక్కువేం కాదు, కానీ వాళ్ళింట్లో అన్నంలో పెరుగు పోసుకుంటే పక్కన అరటిపండు ఉండాల్సిందే, లేకపోతే ఆ పూట భోజనం అయినట్టే కాదు. వాళ్ళన్నయ్య గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో గోనెపట్టా చుట్టిన గెల పట్టుకొచ్చేవాడు. ఆ గెలని వరండా దూలానికి కొక్కెం పెట్టి వేలాడదీస్తే, పైనుంచి ఒక్కో అత్తం పండుతూ కిందికి వచ్చేది, పిల్లలం పోతూ వస్తూ ఏ పండు రంగు తిరిగిందా అని చూసేవాళ్ళం. కర్పూర చక్రకేళి, అమృతపాణి అన్న పేర్లు నేను మొదట విన్నది ఆ వరండాలోనే. మన బండి మీద దొరికే పచ్చ అరటిని ఆంటీ పండు కింద లెక్కవేసేది కాదు. "అది కూరకి పనికొస్తుందిలే అమ్మా" అనేది. మామిడి దగ్గరైతే మా రెండిళ్ళకీ ఏటా వాదనే. మాకు పండంటే బేనిషాన్, అదే బంగినపల్లి, తొక్క తీసి ముక్కలు కోసుకుని తినేది. ఆంటీకి మాత్రం రసాలు, అందులోనూ నూజివీడువి. "కోసుకు తినేదీ ఓ మామిడిపండేనా, మోచేతిదాకా రసం కారకపోతే తిన్నట్టెలా అవుతుంది" అని ఆమె, "పీచు పంటి సందుల్ల ఇరుక్కుంటే ఎవరు తీస్తరు" అని అమ్మ. ఆ బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ పంచాయితీయే.

అనంతపురం వాళ్ళకి ఊళ్ళో బత్తాయి తోట. సీజన్లో లారీ ఆఫీసు నుంచి మూట వచ్చేది. ఆ మూట విప్పిన వారం రోజులూ వాళ్ళ పిల్లల చేతులు, పుస్తకాలు, చివరికి నోటుబుక్కుల అట్టలు కూడా ఆ వాసనే. మా దృష్టిలో బత్తాయి అంటే ఆసుపత్రి మంచం పక్కన రసం తీసే పండు, వాళ్ళేమో అన్నం తిన్నాక గోళ్ళతో ఒలుచుకుని తొనలు తొనలుగా మాట్లాడుకుంటూ తినేవారు. తర్వాత రెండేళ్ళు వానల్లేక బోర్లు ఎండిపోయి వాళ్ళ తాత చెట్లు కొట్టించేశాడు. మూటలు ఆగిపోయాయి. ఆ తర్వాత వాళ్ళు కూడా మాలాగే బండి దగ్గర బత్తాయిలు బేరమాడటం చూశాను, పాపం ఆ ఆంటీకి డజనుకి ఎంతివ్వాలో కూడా తెలిసేది కాదు, అంతకుముందు ఎప్పుడూ కొనలేదు కదా.

మేడ మీద గదిలో ఒక మలయాళీ నర్సు అక్క ఉండేది. నేంద్రం పండు ఆవిరి మీద ఉడకబెట్టి పొద్దున టిఫిన్‌గా తినేది. అరటిపండు ఉడకబెట్టడమేంటని మేం నవ్వేవాళ్ళం, ఆమె మేం ఉప్మాలో పంచదార కలుపుకోవడం చూసి నవ్వేది.

ఇక మా సంగతి. ఆ ఆవరణలో పండ్ల విషయంలో మేమే బీదవాళ్ళమని నాకో అభిప్రాయం ఉండేది, సెప్టెంబరు వచ్చేదాకా. దసరా సెలవులకి అమ్మమ్మ ఊరు పోతే అక్కడ గుట్టంతా సీతాఫలం చెట్లే. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. బాలానగర్ పేరుతోనే ఒక రకం సీతాఫలం ఉందని, దేశంలో ఎక్కడెక్కడో దాన్ని తోటలుగా వేస్తారని నాకు పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడు మాకది ఉత్త గుట్టకాయ. పొద్దున్నే గంపలు పట్టుకుని అమ్మమ్మ వెంట పోయేవాళ్ళం. కాయ కళ్ళు విచ్చి, గీతల మధ్య తెల్లగా అయితేనే తెంపాలి, లేకపోతే ఎన్నాళ్ళు పెట్టినా రాయిలాగే ఉండి నల్లబడుతుంది. తెంపినవాటిని గంపలో గడ్డి వేసి మాగబెట్టేది అమ్మమ్మ. అన్ని రోజులు ఓపిక లేని పిల్లలం పచ్చికాయల్ని ఎండుపుల్లల మంటలో కాల్చుకుని, నల్లబడ్డ పైపొర ఒలిచి, పొగవాసనతో వేడివేడిగా తినేవాళ్ళం. పండుకి ఆ రుచి రాదు, నన్నడిగితే.

గుట్ట మీద అవొక్కటేనా. పరికిపండ్లు, రేగ్గాయలు, ఎండాకాలంలో తునికిపండ్లు, మొర్రిపండ్లు, ఈతపండ్లు, నేరేళ్ళు. అమ్మమ్మ ఊళ్ళో కూలి చేసుకునేవాళ్ళ పిల్లలు ఏడాది పొడుగునా ఏదో ఒకటి నములుతూనే కనబడేవారు. వాళ్ళమ్మనడిగితే మాత్రం "పండ్లా, మాకేడికెల్లి వస్తయి బిడ్డా, పైసలుండాలె" అనేది. పండు అంటే ఆమె లెక్కలో టౌన్‌లో కొనేది. చెట్టు కింద దొరికేది పండు కిందకి రాదు. ఇక్కడే నాకు సందేహం. ఏ ఇల్లు ఎన్ని పండ్లు తింటుందని ఎవరైనా కాగితం పట్టుకుని వచ్చి అడిగితే, గుట్ట మీద పిల్లలు తిన్న పరికిపండ్లు ఏ తల్లి గుర్తుపెట్టుకుని చెప్తుంది?

అవే సీతాఫలాలు గంపలకెత్తి ఆర్టీసీ బస్సు టాప్ మీద వేసుకుని అమ్మమ్మ ఊరి ఆడవాళ్ళు సిటీకి వచ్చేవాళ్ళు. నాంపల్లిలో, అఫ్జల్‌గంజ్‌లో రోడ్డు పక్కన తట్టలు దించుకుని కూర్చునేవారు. గుట్ట మీద పైసా విలువ లేనిది అక్కడికి చేరేసరికి కొంతమంది బేరమాడి కూడా కొనలేక వెళ్ళిపోయే ధర పలికేది. అమ్మినవాళ్ళు ఇంటికి పోయేటప్పుడు పిల్లలకి ఏం కొనుక్కుపోయేవారో తెలుసా, బన్నులు, బిస్కెట్ పుడలు.

మా ఇంటి ఓనర్ చాచాది పాత హైదరాబాదీ కుటుంబం. ఆయన మాటల్లో ఎప్పుడూ రెండే ఉండేవి, ఒకటి మొజంజాహీ మార్కెట్, రెండోది అంగూర్, అంటే ద్రాక్ష. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌లో పండ్ల దుకాణాల వరసలు ఎలా ఉండేవో, ఆయన చిన్నప్పుడు వాళ్ళబ్బా కాబూల్ దానిమ్మలు ఎలా ఎంచేవారో చెప్తుంటే నోరూరేది. అనాబె షాహీ ద్రాక్ష హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు రాతి కడీల పందిళ్ళ మీద కాసేది. లావుగా, లేత పచ్చగా, గింజతో ఉండే కాయ. చాచా వేసవిలో ఎవరో తోట స్నేహితుడి దగ్గరనుంచి బుట్ట తెచ్చేవాడు. "లేలో బేటా" అని ఒక్కో వాటాకి ఒక్కో గుత్తి. తర్వాత ఆ తోటలు ప్లాట్లయ్యాయి. వెంచర్లలో రాతి కడీలు మాత్రం చాలాకాలం నిలబడే ఉండేవి, గడ్డి మధ్యలో. ఇప్పుడు మనకొచ్చే సీడ్‌లెస్ ఎక్కువగా మహారాష్ట్రది, గింజ ఉమ్మే పని లేదు కాబట్టి పిల్లలకి అదే నచ్చుతుంది, నేనేం చేయను.

చాచా పేరు గొప్పే గానీ ఇల్లు అద్దెల మీదే నడిచేది. పెరట్లో జామచెట్టు కాపు, అంతే వాళ్ళింటి పండు. పెద్దకొడుకు జెడ్డా పోయాక మారిపోయింది. మొదట ఖర్జూరం డబ్బాలు, తర్వాత రంజాన్‌కి యాపిల్స్ పెట్టె, పుచ్చకాయలు జంటలుగా. ఇఫ్తార్ వేళకి చాచా వాళ్ళావిడ ఖాలా పెద్ద పళ్ళెంలో జామ, అరటి, బొప్పాయి, యాపిల్ చిన్నచిన్న ముక్కలు చేసి, చాట్ మసాలా చల్లి, మీద గుడ్డ కప్పి ప్రతి వాటాకీ పంపేది. ఇంట్లో ఎవరికీ జ్వరం లేకుండా నేను యాపిల్ తిన్నది ఖాలా పళ్ళెంలోనే.

వెనకవైపు రేకుల షెడ్డులో ఇస్త్రీ చేసే కుటుంబం ఉండేది. వాళ్ళాయన పొద్దున ఇస్త్రీ బట్టలిచ్చి, మధ్యాహ్నం కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీగా పోయేవాడు. మార్కెట్ మొజంజాహీ నుంచి గడ్డిఅన్నారం వైపు, అంటే ఈ కొత్తపేటకి, మారి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. మే నెలలో అక్కడికి పోతే గడ్డి, పండిన మామిడి, గాడిద లద్దె, డీజిల్ అన్నీ కలిసిన ఒక వాసన, కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసిపోయేది. పొద్దున హర్రాజులో పోనివి, అడుగున పడి నలిగినవి సాయంత్రానికి ఏదో ధరకి వదిలించుకునేవారు. ఆ మనిషి సంచి నిండా అవి తెచ్చేవాడు. భార్య అరుగు మీద కూర్చుని చెడిపోయిన మేరకు కోసి పారేసి, బాగున్నదంతా గిన్నెలోకి పిండేది. ఆ ఎండాకాలం వాళ్ళ పిల్లలు తిన్నన్ని మామిడిపండ్లు మేం తినలేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ జూన్ వానలు పడి మామిడి అయిపోయిందంటే మళ్ళీ వేసవిదాకా వాళ్ళింట్లో ఇంకో పండు నేను చూడలేదు. మాకేమో తక్కువైనా సంవత్సరమంతా ఏదో ఒకటి ఉండేది. నాయన అదే మార్కెట్‌కి ఆదివారం స్కూటర్ మీద పోయి, కోనసీమ అంకుల్‌తో పొత్తు పెట్టుకుని ఒక పెట్టె బేనిషాన్ తెచ్చేవాడు. పంచుకునేటప్పుడు పెద్దవీ చిన్నవీ జతలు కట్టి పంచేవారు, ఆ శ్రద్ధ ఏ ఆస్తి పంపకంలోనూ చూడలేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, ఆ మధ్య 2022-23 కేంద్ర గృహ వినియోగ వ్యయ సర్వే లెక్కలు చూశాను. దేశం మొత్తం మీద సగటున నెలకి మనిషికి ఖర్చు పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459. అందులో పండ్లకి, డ్రైఫ్రూట్స్ కూడా కలుపుకుని, రెండు చోట్లా నూటికి మూడున్నర, నాలుగు రూపాయల మధ్యే పోతోంది. చూడ్డానికి సమానం. రూపాయల్లోకి మార్చి చూడండి, పల్లెలో మనిషికి నెలకి 140 చుట్టుపక్కల, పట్టణంలో 240 పైమాటే. ఇంకా తమాషా ఏంటంటే పానీయాలకి, చిప్స్, బిస్కెట్లలాంటి తయారీ తిండికి రెండు చోట్లా పదిశాతం అటూఇటూ పెడుతున్నాం. అంటే పండుకి పెట్టేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆ అమ్మమ్మ ఊరి ఆడవాళ్ళు సీతాఫలం అమ్మి బిస్కెట్లు కొన్నట్టు ఇప్పుడు దేశమంతా చేస్తోందన్నమాట. ఇలాంటి సర్వేల్లో కొబ్బరికాయ కూడా పండ్ల జాబితాలోనే ఉంటుంది, అరటిపండ్లని కిలోల్లో కాకుండా కాయల లెక్కన అడుగుతారు. కోనసీమ ఆంటీ ఇంటికి గనక వెళ్ళుంటే ఆ ఒక్క ఇంటితో సర్కారు సగటు పెరిగిపోయేది.

నాకు మాత్రం ఈ సగటుల మీద పెద్ద నమ్మకం లేదు. తలా 240 అన్నప్పుడు అందులో కొండాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీలో ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో దిగే అవకాడోలూ ఉన్నాయి, అదే గేటు బయట కన్‌స్ట్రక్షన్ పనివాళ్ళు మధ్యాహ్నం నిలబడి తినే బొప్పాయి ముక్కల ప్లేటూ ఉంది. వాళ్ళు ఇంటికి పండు పట్టుకెళ్ళడం తక్కువ. పొడుగ్గా కోసిన పుచ్చకాయ చెక్క, ఉప్పూకారం రాసిన జాంపండు, రోడ్డు మీద తిని చేతులు దులుపుకుని పోతారు. చిల్లరకి సరిపోయేంతే పండు. మా చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర గ్లాసుతో కొలిచి పోసే రేగ్గాయల్లాగే.

2001 నాటికి దిగుమతుల మీద ఆంక్షలు ఎత్తేశాక స్టిక్కర్ యాపిల్స్ వచ్చాయి గుర్తుందా? మొదట్లో ఆ స్టిక్కర్ని జాగ్రత్తగా తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఇప్పుడు కివీ డెంగ్యూకి మంచిదని ఒకరు చెప్తే చాలు, బస్తీల్లో కూడా అప్పు చేసి కొంటున్నారు. జ్వరానికి యాపిల్ స్థానంలో కివీ వచ్చింది, అలవాటు మాత్రం అదే. డ్రాగన్ ఫ్రూట్ అయితే మన సంగారెడ్డి వైపు రైతులే పండిస్తున్నారు, రంగు బాగుంటుంది, రుచి గురించి అమ్మ యాపిల్‌కి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. కొత్తపేట మార్కెట్ కూడా పోయింది, ఆ జాగాని పెద్దాసుపత్రికి ఇచ్చారు, పండ్లు విజయవాడ రోడ్డు మీద బాటసింగారానికి వెళ్ళిపోయాయి. స్కూటర్ మీద పోయి పెట్టె తెచ్చుకునే దూరం కాదిక.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు రోజుకి మనిషికి 100 గ్రాముల పండ్లు తినమంటున్నారు. వంద గ్రాములంటే ఎంతో కాదు, తొక్క తీసిన ఒక మోస్తరు అరటిపండు. మా ఇంట్లో నలుగురం, లెక్కేస్తే నెలకి 12 కిలోలు, తొక్కా టెంకా కాకుండా. మొన్న అమ్మకి ఇదే చెప్పాను. టీవీ గొంతు తగ్గించి మరీ, "పన్నెండు కిలోలా? ఒక్క నెలకా? గంతగనం పండ్లు ఎవరు తింటరు, ఇంట్ల పెండ్లేమన్న ఉన్నదా" అంది. రోజుకొక్క అరటిపండే కదమ్మా అన్నాను. ఆలోచించి, "గట్లయితే సీతాఫలాల దినాల్ల మీ అమ్మమ్మ ఊళ్ళె మీరు పొద్దుగూకేలోపే నెలది తినేటోళ్ళు" అని టీవీ గొంతు మళ్ళీ పెంచుకుంది.